48 గుడ్లు వేస్తే 14 పిల్లలే లేచాయి, మిగతావి ఎందుకు పోయాయో అర్థం కావట్లేదు

గోదారి గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇంట్లో తొమ్మిది నాటుపెట్టలు, ఒక డేగ పుంజు ఉన్నాయి. ఇన్నాళ్ళూ పొదుగుకి వచ్చిన పెట్ట కిందే గుడ్లు పెట్టేవాళ్ళం, పదమూడు పెడితే పదో పదకొండో లేపేది. ఈసారి ఆశ పెరిగి ఇంక్యుబేటర్, అదే గుడ్లు పొదిగే మెషిన్, కొన్నాను. థర్మాకోల్ పెట్టె కాదు, ఫ్యాను, గుడ్లు తిప్పే మోటారు, డిస్‌ప్లే అన్నీ ఉన్నదే.

మొత్తం 48 గుడ్లు వేశాను. 30 మా ఇంటివి, 18 కడప వైపు తెలిసినాయన పంపిన అసీల్ అనే పందెం కోడి జాతి గుడ్లు. అవి బస్ పార్సిల్లో వచ్చాయి, ఒక్కటి కూడా పగల్లేదు. టెంపరేచర్ 37.7 పెట్టాను. లోపల ఒక చిన్న డిజిటల్ మీటర్ పెట్టాను, తేమ 60 చూపించేది. మెషిన్‌తో వచ్చిన కాగితంలో రెండు కాలవల్లోనూ నీళ్ళు నిండుగా ఉండాలని రాసుంటే రోజూ చూసి మరీ పోసేవాణ్ణి.

ఏడో రోజు టార్చ్ పెట్టి చూస్తే పదింటిలో ఏమీ లేదు, ఉత్త పసుపు వెలుగు, వాటిని తీసి పెంటకుప్ప మీద పారేశాను. పద్నాలుగో రోజు వర్షానికి మూడు గంటలు కరెంటు పోయింది, దుప్పటి కప్పాను. పద్దెనిమిదో రోజు మోటారు ఆపేశాను. 21వ రోజు పొద్దున్నే మొదటి పిల్ల వచ్చింది, 22 సాయంత్రానికి 14 అయ్యాయి. ఇంకొకటి చిన్న బెజ్జం చేసి రాత్రంతా అలాగే ఉండిపోతే జాలేసి గోటితో పెంకు ఒలిచాను, లోపలి పొర కూడా తీయగానే సన్నగా నెత్తురు వచ్చింది, అరగంటలో చచ్చిపోయింది. మా పాప అప్పటి నుంచి నాతో మాట్లాడట్లేదు.

ఇప్పుడు ఇంకా 23 గుడ్లు మెషిన్లోనే ఉన్నాయి, ఈ రోజు 23వ రోజు. మా అమ్మ ఏమో మొన్న ఉరుములకే చెడిపోయాయి, గంపలో ఇనప ముక్క వేస్తాం కదా మెషిన్లో ఎవరు వేశారు అంటోంది. నేను మాత్రం కరెంటు పోవడం వల్లే అనుకుంటున్నాను. ఇన్వర్టర్ కొనాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పుంజుల పిచ్చోడు:
అన్నా ఈ మెషిన్లన్నీ ఇంతే. తిరిగి ఇచ్చేయ్. పెట్టని మించిన ఇంక్యుబేటర్ లేదు.

హేచరీ పాతకాపు:
గట్టు గారూ, ముందు ఒక్క పని చేయండి. ఆ 23 గుడ్లు పారేయకండి. నేను ఇరవై రెండేళ్ళు హేచరీలో, అంటే మెషిన్లతో పిల్లల్ని లేపే చోట, పనిచేశాను, అక్కడ ప్రతి బ్యాచ్‌కీ లేవని గుడ్లు పగలగొట్టి చూడటం ఒక పని. మెషిన్ మంచిదా చెడ్డదా అని ఊరికే అనుకుంటే ఏమీ తేలదు, లోపల పిల్ల ఎన్నో రోజున ఆగిపోయిందో చూస్తే సగం సంగతి అదే చెబుతుంది. మీరు పారేసిన పది గుడ్లూ ఉంటే ఇంకా బాగుండేది. టార్చ్‌లో ఖాళీగా కనపడ్డవన్నీ పుంజు తొక్కని గుడ్లు కావు, రెండు మూడు రోజుల్లోనే పోయిన పిండం కూడా టార్చ్‌కి దాదాపు అలాగే కనిపిస్తుంది.

పెరట్లోకి వెళ్ళి బకెట్ పెట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చోండి. టార్చ్‌లో ఎటువైపు గాలి గది, అంటే పెంకుకీ లోపలి పొరకీ మధ్య ఉండే ఖాళీ, కనపడుతుందో అటే చెంచాతో మెల్లగా కొట్టి పెంకు ఒలవండి, లావు కొస అయినా సన్న కొస అయినా సరే. పొర చింపే ముందు ఆ గది ఎంత ఉందో చూసుకోండి. తరువాత లోపల ఏముందో చూసి ఇలా విడదీయండి: నెత్తుటి గీతో ఉంగరమో మాత్రమే ఉన్నవి, కళ్ళు కాళ్ళు తెలుస్తూ ఈకలు సరిగా రానివి, పూర్తిగా తయారైనా పెంకు పొడవనివి, బెజ్జం చేసి చచ్చినవి, కుళ్ళినవి. తయారైన పిల్లల్లో తల ఎటు ఉందో తప్పకుండా చూడండి. తల లావు కొస వైపు, కుడి రెక్క కింద ఉండాలి.

ఎందుకు ఇంత చెబుతున్నానంటే, గుడ్డులో పిల్ల చచ్చేది ఎక్కువగా రెండు కాలాల్లో. మొదటిది మొదటి వారంలో, ముఖ్యంగా రెండు నుంచి నాలుగో రోజు మధ్య. రెండో రోజుకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, రక్తనాళాలు పచ్చసొన మీద అల్లుకుంటాయి, బలం లేని పిండం అక్కడే ఆగిపోతుంది. రెండోది చివరి మూడు రోజులు. అప్పటిదాకా పెంకు లోపలి నాళాలతో గాలి తీసుకున్న పిల్ల, ముక్కుని గాలి గదిలోకి పొడిచి ఊపిరితిత్తులతో పీల్చడం మొదలుపెట్టాలి, మిగిలిన పచ్చసొన కడుపులోకి లాక్కోవాలి, తిరగాలి, పెంకు కొట్టాలి. ఇవన్నీ ఒక రోజున్నరలో జరగాలి. మొదట్లో పోతే చాలాసార్లు తప్పు మెషిన్లో పెట్టకముందే జరిగి ఉంటుంది, చివర్లో పోతే తేమ, గాలి, తిప్పడం, గుడ్డు పెట్టిన తీరు చూడాలి.

కరెంటు గురించి టెన్షన్ వద్దు. మొదటి పిల్ల 21వ రోజు పొద్దున్న వచ్చిందంటే మొత్తం మీద మీ వేడి సరిగానే ఉంది. తక్కువైతే 22, 23కి జరిగేది, ఎక్కువైతే 19, 20కే బొడ్డు మానని పిల్లలు వచ్చేవి.

రెండు ప్రశ్నలు. ఇంటి గుడ్లు ఎన్ని రోజులు పోగేశారు, ఎక్కడ ఉంచారు? పార్సిల్ గుడ్లు దిగిన వెంటనే వేసేశారా?

నల్గొండ కోడమ్మ:
తమ్మీ, పెద్దాయన చెప్పింది నిజం, కరెంటు పోతే గుడ్లు అంత తొందరగా చావవు. పెట్ట కూడా రోజూ లేచి మేతకి, నీళ్ళకి పోయి పావుగంట ఇరవై నిమిషాలు తిరిగి వస్తది కదా. చలి తట్టుకుంటయి, వేడి తట్టుకోవు. పోయినేడు మే నెలలో నా మెషిన్‌లో ఫ్యాను ఆగింది, బల్బు మాత్రం వెలుగుతనే ఉంది. నేను మధ్యాహ్నం పెళ్ళికి పోయి నాలుగింటికి వచ్చేసరికి మీటర్ల 42 ఉంది. 60 గుడ్లు, పన్నెండో రోజు. అప్పటిదాకా టార్చ్ పెడితే లోపల తిరుగుతుండేవి, ఆ సాయంత్రం ఒక్కటి కదల్లేదు. ఇన్వర్టర్ కొనేముందు ఫ్యాను ఆగితే బల్బు కూడా ఆగేటట్టు ఎవరన్నా ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకో, దానికి అంత ఖర్చు కాదు.

ఇంకొకటి, చివరి రోజులల్ల పాతోళ్ళు గోరువెచ్చని నీళ్ళల్ల గుడ్లు వేసి కదిలేవి చూస్తరు. మీ అమ్మ చెప్పినా అది చేయకు, కనపడనంత చిన్న పగులు ఉన్నా నీళ్ళు లోపలికి పోయి పిల్ల మునుగుతది.

గోదారి గట్టు:
అందరికీ థ్యాంక్సండి. పొద్దున్నే పని కానిచ్చాను. వాసన గురించి చెప్పకపోవడమే మంచిది, మా వీధి కుక్క కూడా దగ్గరకి రాలేదు.

లెక్క ఇది. నెత్తుటి ఉంగరం ఉన్నవి 7. మధ్యలో పోయినవి 2. పూర్తిగా తయారై పెంకు పొడవనివి 10. బెజ్జం చేసి చచ్చినవి 3. కుళ్ళినది 1, అది నేను తాకగానే ఠప్‌మని పేలింది, చొక్కా పారేశాను.

మా ఇంటి గుడ్ల మీద పెట్టిన తేదీ పెన్సిల్‌తో రాసే అలవాటు మా నాన్నది, నాకూ వచ్చింది. ఆ ఏడింటిలో ఆరు మా ఇంటివే, ఆరూ తొమ్మిది రోజులు దాటి నిలవున్నవి! మెషిన్ నిండాలని రెండు వారాలు పోగేశానండి, వంటింట్లో అటక మీద బేసిన్లో. వారంలోపు గుడ్లలో ఉంగరం ఉన్నది ఒక్కటీ లేదు.

తయారై ఆగిపోయిన పదింటిలో ఏడు పార్సిల్‌వి. ఆ ఏడింటిలో మూడింటికి తల సన్న కొస వైపు ఉంది. అంటే గాలి గది ఒక కొసన ఉంటే పిల్ల ఇంకో కొసన ముక్కు పెట్టుకుని ఉంది. మిగతా వాటిలో తల సరిగానే ఉంది కానీ గాలి గది నా బొటనవేలి గోరంతే ఉంది, పిల్ల ఈకలన్నీ తడి తడిగా, చుట్టూ నీళ్ళు. ఒకదాని ముక్కులోంచి కూడా నీళ్ళు కారాయి. బెజ్జం చేసి చచ్చినవాటికి ముక్కు చుట్టూ జిగురు గట్టిపడి బంకలా అంటుకుంది, బియ్యపు గంజి ఎండినట్టు.

పార్సిల్ వచ్చింది రాత్రి తొమ్మిదింటికి, పదింటికల్లా మెషిన్లో పెట్టేశాను. అసీల్ గుడ్లు గుండ్రంగా ఉంటాయి, ఏది లావు కొసో తెలియక కొన్ని అంచనాగా పెట్టాను. కుళ్ళిన గుడ్డుకి రెట్ట అంటుకుని ఉంటే నేనే కుళాయి కింద కడిగాను.

రాస్తుంటే నాకే అర్థమవుతోంది ఎక్కడెక్కడ తప్పు చేశానో.

హేచరీ పాతకాపు:
ఇంత వివరంగా రాసినవాళ్ళు నాకు హేచరీలో కూడా తక్కువే దొరికారు. ఒకటి కాదు, నాలుగైదు కారణాలు కలిశాయి, అందుకే ఏ ఒక్కదాని మీదా నెపం పెట్టలేక తికమక పడ్డారు.

ఉంగరాలు. అవి నిలవ గుడ్లు. పొదుగుకి వేసే గుడ్డు వారం దాటకూడదు, అదీ చల్లని చోట ఉంటేనే. 13 నుంచి 18 డిగ్రీలు మంచిది. గది వేడి 27 దాటితే గుడ్డులో పిండం నిద్రపోదు, సగం సగంగా పెరగడం మొదలుపెడుతుంది. పగలు పొయ్యి వేడికి పెరుగుతుంది, రాత్రి చల్లబడితే ఆగుతుంది, మళ్ళీ పెరుగుతుంది. అలా రెండు వారాలు ఊగిన పిండానికి మెషిన్లో పెట్టాక నాలుగు రోజులు నిలబడే ఓపిక ఉండదు. మీ వంటింటి అటక ఆగస్టులో ఎంత ఉంటుందో మీకే తెలుసు. ఫ్రిజ్‌లో కూడా పెట్టకండి, అది మరీ చలి. ఇంట్లో నీళ్ళకుండ పెట్టే మూల ఉంటే అక్కడ, లేదా తడి ఇసుకలో మట్టికుండ కూర్చోబెట్టి అందులో గడ్డి వేసి, సన్న కొస కిందకి పెట్టి ఉంచండి. మెషిన్ నిండకపోతే నిండకపోయింది, 48 నిండాలని మెషిన్ అడగదు, ఆ ఆశ మనదే.

పార్సిల్ గుడ్లు. గంటల తరబడి బస్సు కుదుపుల్లో గాలి గది పొర వదులవుతుంది, టార్చ్ పెడితే బుడగలా అటూ ఇటూ ఊగుతుంది. దిగాక సన్న కొస కిందకి పెట్టి కనీసం ఒక రోజు కదపకుండా ఉంచాలి, మీరు గంటలోనే తిప్పే మోటారు మీద పెట్టారు. పైగా కొన్ని తలకిందులు. గాలి గది ఉన్న కొస పైకి ఉండాలి. అది కిందకి పెడితే పిల్ల చివరి వారంలో తల పైకి తిప్పుకుంటుంది, అటు గాలి గది ఉండదు. మీ మూడు పిల్లలూ అంతే. ఇంకోసారి గుడ్డు గుండ్రంగా ఉండి అనుమానం వస్తే మెషిన్లో పెట్టకముందే టార్చ్ పెట్టి, గాలి గది వైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

ఇక అసలైనది తేమ. చిన్న గాలి గది, తడి పిల్ల, ముక్కులో నీళ్ళు, జిగురు, ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయి, గుడ్డులోంచి నీరు సరిపడా పోలేదు. పెంకుకి వేల సన్నని రంధ్రాలుంటాయి, పద్దెనిమిది రోజుల్లో గుడ్డు బరువులో 12 శాతం దాకా ఆవిరైపోవాలి. అప్పుడే గాలి గది గుడ్డులో మూడో వంతు దాకా పెరుగుతుంది, పిల్లకి ముక్కు పెట్టి మొదటి ఊపిరి తీయడానికి చోటు దొరుకుతుంది. మీ పిల్లలకి ఆ చోటు లేదు. మొదటి పద్దెనిమిది రోజులు 45 నుంచి 55 మధ్య ఉంటే చాలు. మీరు 60 అన్నారు, 60కే ఇంత తడి ఉండదు. మీ మీటర్ మీదే నాకు అనుమానం.

దాన్ని ఇలా పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దలా తడిసేదాకా చుక్కలుగా నీళ్ళు వేయండి, నీరు తేలకూడదు. ఆ మూతని, మీటర్ని కలిపి గాలి పోని డబ్బాలో పెట్టి మూత బిగించండి. రాత్రి పెడితే పొద్దున్నకి మీటర్ 75 చూపించాలి. ఎంత తేడా చూపిస్తే మీ మీటర్ అంత తప్పు.

కడిగిన గుడ్డు గురించి వేరే చెప్పక్కర్లేదు కదా. పెంకు మీద ఉండే పల్చటి పూత నీళ్ళకి పోతుంది, చన్నీళ్ళు తగిలితే లోపలి పదార్థం కుంచించుకుని మురికిని రంధ్రాల్లోంచి లోపలికి లాక్కుంటుంది. రెట్ట అంటితే కూరకి వాడుకోండి, పొదుగుకి వద్దు. అది మెషిన్లో పేలనందుకు సంతోషించండి. మా దగ్గర ఒకసారి పేలితే ఆ ట్రే మొత్తం పోయింది.

మధ్యలో పోయిన రెండూ వదిలేయండి, రెండింటిని బట్టి ఏమీ చెప్పలేం.

డల్లాస్ దొడ్డి:
మేం అమెరికాలో, డల్లాస్ పక్కన, పెరట్లో ఆరు కోళ్ళు పెంచుతున్నాం. మాకు సరిగ్గా దీనికి తిరగబడ్డ కష్టం. జనవరిలో హీటర్ వేసిన ఇంట్లో తేమ 30 కూడా ఉండదు, ఆ గాలిని మెషిన్ 37.7కి వేడి చేసేసరికి పది శాతం చుట్టూ తేలుతుంది. మొదటిసారి నీళ్ళు సరిగా పోయక, బెజ్జం చేసిన పిల్లలకి లోపలి పొర ఎండి తెల్ల కాగితంలా ఒంటికి చుట్టుకుపోయింది, కదల్లేక పోయాయి. పైగా ముచ్చటకి గంటగంటకీ మూత తీసి ఫోటోలు తీశాను, అది నా ఘనకార్యం. మీ కాగితం ఏ పొడి ఊరివాళ్ళో రాసి ఉంటారు. మీ దగ్గర వర్షాకాలంలో బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉందనుకుందాం, ఆ గాలే వేడెక్కితే చుక్క నీరు పోయకుండా లోపల 52 దాకా వస్తుంది. మీకు మొదటి పద్దెనిమిది రోజులూ కాలవలు ఎండిపోయి ఉన్నా నష్టం లేదు.

వెట్టు విద్యార్థి:
అన్నీ పెద్దవాళ్ళు చెప్పేశారు, ఒక్క మాట కలుపుతాను. పారేసిన పది ఖాళీ గుడ్ల సంగతి తేల్చడానికి ఒక దారి ఉంది. ఇప్పుడు ఆమ్లెట్‌కి పగలగొట్టే మీ ఇంటి గుడ్లలో పచ్చసొన మీద తెల్లటి చుక్క చూడండి. పుంజు తొక్కిన గుడ్డులో ఆ చుక్క నాలుగైదు మిల్లీమీటర్లు ఉండి, గుండ్రంగా మధ్యలో పలచన, చుట్టూ తెల్లటి వలయం, క్యారమ్ బోర్డు నడిమి గుండ్రంలా కనిపిస్తుంది. తొక్కనిదైతే చిన్నగా, గట్టిగా, అంచులు చెదిరిన చుక్క ఉంటుంది. తొమ్మిది పెట్టలకి ఒక పుంజు అంటే లెక్క సరిపోతుంది, కానీ పుంజు ముసలిదైనా, కాలు దెబ్బతిన్నా, లేదా వాడికి రెండు పెట్టలంటేనే ఇష్టమైనా సంఖ్యతో పనిలేదు.

మేత కూడా అడగాలి. ఉత్త నూకలు, తవుడు మీద ఉన్న పెట్టల గుడ్లలో విటమిన్లు, ముఖ్యంగా రైబోఫ్లేవిన్ చాలకపోతే పిల్లలు మధ్య రోజుల్లో ఆగిపోతాయి, నూగు ముడతపడి ఉండలు కట్టినట్టు ఉంటుంది. మీ రెండింటిలో అలా కనపడిందా? బయట తిరిగి ఆకూ పురుగూ తినే పెట్టలైతే అంత భయం లేదు. ఒకే పుంజుతో, దాని కూతుళ్ళతో ఏళ్ళ తరబడి గుడ్లు తీసినా పిండాలు ఎక్కువ పోతాయి, అప్పుడప్పుడూ పుంజుని మారుస్తూ ఉండండి.

పిచ్చోడన్న పెట్టని మించింది లేదన్నాడు, నిజమే కానీ అందరికీ పొదుగుకి కూర్చునే పెట్ట ఉండదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు గుడ్లు ఎక్కువ పెడతాయి గానీ పొదుగుకి రావు. వాటికి నాటుపెట్టో మెషినో కావాల్సిందే.

పుంజుల పిచ్చోడు:
సరే ఒప్పుకున్నా. కానీ మా తాత ఇనప ముక్క, నాలుగు ఎండుమిరపకాయలు, బొగ్గు వేసి పొదిగేసేవాడు, ఉరుములకి గుడ్డు చెడేది కాదు. దీనికేమంటారు?

హేచరీ పాతకాపు:
మా నాయనమ్మ కూడా వేసేది. నేను ఉరుముల్లో లక్షల గుడ్లు లేపాను పిచ్చోడు గారూ, రేకుల షెడ్డు అదిరినా ట్రేల్లో పిల్లలు మామూలుగానే వచ్చాయి. నా ఊహ ఏంటంటే ఉరుములొచ్చే కాలం అంటేనే ఉక్కపోత, ఆ రోజుల్లో పోగేసిన గుడ్లు మామూలుగానే తక్కువ లేస్తాయి, పాపం ఉరుము నెత్తిన పడింది. ఇనప ముక్క వేస్తే నష్టం ఏమీ లేదు, వేయండి. ఎండుమిరపకాయలు మాత్రం ఫ్యాను ఉన్న మెషిన్లో వేయకండి.

గోదారి గట్టు:
ఉప్పు పరీక్ష చేశాను. మీటర్ 63 చూపించింది. అంటే 12 తక్కువ చూపిస్తోంది, నేను 60 అనుకున్నప్పుడు లోపల 72 ఉందన్నమాట, పద్దెనిమిది రోజులూ! ఆ కాలవలు నింపడానికి నేను రాత్రి అలారం కూడా పెట్టుకున్నాను.

ఆమ్లెట్ గుడ్లు ఆరు చూశాను, ఐదింట్లో వలయం ఉంది, ఒకదాంట్లో లేదు. పుంజు పని చేస్తున్నాడు. నూగు ఉండలు కట్టడం లాంటిది ఏమీ కనపడలేదండి, పెట్టలు రోజంతా చేల గట్ల మీదే ఉంటాయి. ఇంకో సంగతి, పారేసిన ఖాళీ గుడ్ల లెక్క గుర్తు చేసుకున్నాను, పదింటిలో ఆరు పార్సిల్‌వే. మొత్తం 18 అసీల్ గుడ్లలో మూడే లేచాయి. ఆయనకి ఫోన్ చేసి ఈసారి నేనే బైక్ మీద వస్తానన్నాను, బైక్ ఇంకా కుదుపుతుంది బస్సే నయం అని నవ్వాడు.

మళ్ళీ 16 గుడ్లు వేశాను, అన్నీ ఇంటివే, ఏ ఒక్కటీ వారం దాటలేదు. ట్రే ఖాళీగా చూస్తే కొంచెం బాధగానే ఉంది. నీళ్ళు పోయలేదు. సవరించి చూస్తే తేమ 50, 53 మధ్య ఉంటోంది.

నల్గొండ కోడమ్మ:
తమ్మీ మీటర్ని కూడా నమ్మకు, తూకం నమ్ము. కూరగాయల డిజిటల్ కాటా ఉంటే వేసిన రోజు గుడ్లన్నీ కలిపి తూచి రాసుకో, ఏడో రోజు మళ్ళీ తూచు. పద్దెనిమిది రోజులకి 12 శాతం పోవాలంటే ఏడో రోజుకి నాలుగున్నర శాతం చుట్టూ పోవాలె. తక్కువ పోతే తేమ తగ్గించు, ఎక్కువ పోతే కొన్ని నీళ్ళు పెట్టు. నేను గిట్లనే చేస్త, మీటర్ నా దగ్గర రెండేండ్ల సంది లేదు.

గోదారి గట్టు:
వేసిన రోజు తూచి ఉంచాను, అక్కా. 16 గుడ్లు 736 గ్రాములు. నిన్న ఏడో రోజు 702. అంటే 34 గ్రాములు, 4.6 శాతం.

టార్చ్ పెడితే 14 గుడ్లలో సాలెగూడులా నాళాలు, మధ్యలో నల్ల చుక్క ఊగుతోంది. ఒకటి ఖాళీ, ఒకటి ఉంగరం. ఈసారి పారేయలేదు, రెండూ పగలగొట్టి చూశాను, ఖాళీదాంట్లో వలయం లేని చిన్న చుక్కే ఉంది. ఉంగరం ఉన్నది మాత్రం అన్నిట్లోకి పాత తేదీది, ఆరు రోజుల నిలవ.

పాతకాపు గారూ, 18వ రోజు తరువాత నీళ్ళు ఎంత పోయాలి? పిల్ల బెజ్జం చేసి ఆగిపోతే ఎంతసేపు చూడాలి?

హేచరీ పాతకాపు:
పద్దెనిమిదో రోజు గుడ్లు పక్కకి పడుకోబెట్టి, అప్పుడు కాలవల్లో గోరువెచ్చని నీళ్ళు పోయండి, నిజమైన తేమ 65 నుంచి 70 మధ్య ఉండాలి. మీ మీటర్లో అది 53 నుంచి 58. గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి, ఆ మూడు రోజులు పిల్లకి గాలి ఎక్కువ కావాలి, తేమ పోతుందని మూసేసేవాళ్ళున్నారు. ఆ తరువాత మూత ముట్టుకోవద్దు.

బెజ్జం చేశాక పిల్ల ఆగినట్టు కనపడుతుంది, ఆగదు. నాళాల్లోని నెత్తురు, మిగిలిన పచ్చసొన లోపలికి లాక్కుంటూ ఉంటుంది. పన్నెండు గంటలు మామూలు, ఇరవై నాలుగు కూడా చూశాను. మీరు ఒలిచినప్పుడు వచ్చింది ఆ నెత్తురే. లేచిన పిల్లలు కూడా కడుపులో పచ్చసొనతో రెండు రోజులు మేత లేకుండా ఉంటాయి, ఆకలేస్తుందేమోనని మూత తీయకండి, ఈకలు ఆరనివ్వండి. 22వ రోజు సాయంత్రం మూత తీసి అన్నీ ఒకేసారి బయటకి తీయండి. 14కి 12 వస్తే మీరు మంచి హేచరీ లెక్కలో ఉన్నట్టే. రానివి పగలగొట్టి ఇక్కడ రాయండి, తేదీలతో.